వణికే గీత

ఆవగింజలో సగం కూడా లేని సెన్సర్ అది. లోపల వెంట్రుక కన్నా సన్నని అద్దం, దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురు. పక్కన చీమ నడిచినా అద్దం కదిలి, తెర మీద గీత వణుకుతుంది. ఆ గీత ఒక్క నిమిషం నిలకడగా ఉంటే చాలు, ఇంజనీరమ్మ పరీక్ష ముగించి ఇంటికి వెళ్లిపోవచ్చు. అది మాత్రం నింపాదిగా లేస్తోంది, నింపాదిగా పడుతోంది.

విసుగ్గా కాపలాదారుకు ఫోన్ చేసింది. "ఏసీ ఆపమన్నానా లేదా?"

"ఎప్పుడో ఆపేశానమ్మా. పైన మీరు తప్ప ఎవరూ లేరు."

ఆ ఫోన్ పెట్టేసేసరికి భర్త ఫోను. "పాపకి జ్వరం తగ్గలేదు. నిన్నే అడుగుతోంది. ఇంకెంతసేపే?"

"ఈ దరిద్రం కుదురుగా ఉంటే కదా!"

తన ఊపిరి తగిలే కదులుతోందేమోనని బయటికి వచ్చి, తలుపు మూసి, కిటికీలోంచి తెర చూసింది. గీత అలాగే లేస్తోంది, పడుతోంది, నిద్రపోతున్నవాళ్ల ఛాతీలా.

ఆమెకు ఒళ్లు మండింది. తలుపు తోసుకుని వచ్చి ఖాళీ గదిని కసిరింది.

"ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టి చావకూడదూ!"

గీత ఆగిపోయింది.

ఆమె నిలుచున్నచోటే ఉండిపోయింది. నిమిషం నిండింది. కొలత పూర్తయిందని యంత్రం చిన్నగా కూసింది. వారంగా ఎదురుచూసిన కూత అది, కానీ చెయ్యి కదల్లేదు.

అప్పుడు గీత ఒక్కసారిగా పైకి లేచింది, ఆపుకోలేక ఎవరో గుండెల నిండా పీల్చుకున్నట్టు. తిరిగి కిందికి దిగలేదు. బదులు చెప్పబోయేవాళ్లలా, పైనే ఆగింది.