చిలకమ్మ చెప్పిన పందెం

చింతతోపులో తొలకరికి ముందు పరుగుపందెం పెట్టి, గెలిచినవారికి వాన పడని తొర్ర ఇస్తారు. పందెం ఎలా సాగుతోందో చిలకమ్మ కొమ్మెక్కి చెబుతుంది. చూడవచ్చిన జంతువులన్నీ పందెం చూడటం వదిలేసి, నోళ్ళు తెరుచుకుని ఆమెనే చూస్తాయి.

ఈసారి ముగ్గురు పిల్లల తల్లి ఉడుత అందరికన్నా ముందు గీత దాటింది. అంతలో పైనుంచి కేక వినిపించింది: "మన ఎర్రమెడ తొండబాబే విజేత!" తోపంతా ఈలలే.

ఉడుతకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా కుందేలూ, గీత పక్కనే ఉన్నావుగా, నువ్వైనా చెప్పు!"

"నువ్వే దాటినట్టు కనిపించింది వదినా. కానీ చిలకమ్మ అలా చెప్పలేదే!"

ఉడుత ఒక్క ఉరుకులో కొమ్మెక్కింది. "పందెం అటు జరుగుతుంటే నీ ముఖం ఇటుందేమే? అసలు చూశావా?"

"అటు తిరిగితే నన్నెవరు వింటారు?"

"మరి ఎవరు గెలిచారో నీకెలా తెలిసింది?"

"ఎవరి పేరుకి ఈలలు ఎక్కువ పడితే వాళ్ళే!"

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఉడుత పిల్లల్ని తీసుకుని తిన్నగా తొర్రలోకి దూరి, తల బయటపెట్టి అరిచింది. "తొండబాబు తొర్రలో వెచ్చగా పడుకున్నాడని చెప్పుకో తల్లీ, ఈలలు బాగా పడతాయి!"

చిలకమ్మ అలాగే చెప్పింది. వానలో తడుస్తున్న తొండ కూడా ఈల వేసింది.