మెడ దగ్గర గుచ్చుకోకుండా

అమ్మాయికి పంపాలని కొని ఉంచిన ఉన్ని స్వెటరు అది. మెడ వెనకున్న లేబులు కుట్లను ఆవిడ కత్తెర మొనతో ఒక్కొక్కటే విప్పుతోంది.

"ఇప్పుడెందుకే ఆ పని? రైలు మన కోసం ఆగదు," అన్నాడు భర్త, తెరిచిన పెట్టె ముందు గొంతుక్కూర్చుని.

"మెడ దగ్గర ఏది తగిలినా దానికి ఒళ్లు మండిపోతుందండీ. మర్చిపోయారా? రెండో తరగతిలో చొక్కా విప్పి సంచీలో కుక్కుకుని, బనీనుతో ఇంటికొచ్చిన ఘనురాలు."

ఆయన నవ్వబోయి తల దించుకున్నాడు.

తమ శాలువాలు రెండూ పెట్టె అడుగున సర్దాడు. అక్కడ మంచు పడుతోందని, మందపాటి బట్టలు తెచ్చుకోమని పొద్దున ఫోన్లో చెప్పారు.

"దాని ఉన్ని మేజోళ్లు పెట్టారా? ముందు చల్లబడేవి దాని పాదాలే."

"పెట్టాను."

"టోపీ?"

"అదీ పెట్టాను. ఇందాకే అడిగావు."

"అడుగుతాను. వినకుండానే ఊఁ కొట్టే మీ సంగతి నాకు తెలియదా?"

లేబులు ఊడొచ్చింది. ఆవిడ స్వెటరు మడిచి, ముడతలు పోయేలా అరచేత్తో రాసి, ఆయనకు అందించింది.

పొద్దున ఫోన్ చేసిన మార్చురీ ఉద్యోగి అడిగింది ఒక జత బట్టలే. "ఏవైనా ఫరవాలేదండీ. మేమే తొడిగి మీకు అప్పగిస్తాం," అన్నాడు.

ఆయన స్వెటరును పెట్టెలో పెట్టబోయి ఆగాడు. మెడ లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూశాడు.

"ఇక్కడింకా చిన్న ముక్క గుచ్చుకుంటోంది," అన్నాడు. "ఆ కత్తెర ఇలా ఇవ్వు."