ఆ పాఠం చెప్పని కాలేజీ

"మిరపచేలో పురుగుమందు కొట్టే దగ్గర నీళ్లు మోస్తూ ఒకామె పడిపోయింది. స్పృహ లేదు. పక్కన మీరొక్కరే ఉన్నారు. ముందు ఏం చేస్తారు?"

బల్లమీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ పక్కన నిలబడి అడిగింది ప్రేమమ్మ మేడం. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తింది తేజశ్రీ. నిజానికి ఆమె ఆ పారామెడికల్ కాలేజీలో ఇంకా చేరనేలేదు. చేరేముందు ఒక క్లాసు చూసి వెళ్లమంటే తండ్రి పక్కన వెనక బెంచీలో కూర్చుంది, అంతే.

ఆమె నోరు తెరిచేలోపే తండ్రి యలమంద లేచి నిలబడ్డాడు.

"తేజా, లే. బస్సు టైమైంది."

"ఇంత పొద్దున్నే ఏం బస్సు నాన్నా?"

"లెమ్మంటుంటే!"

చెయ్యి పట్టుకుని బరబరా బయటికి లాక్కొచ్చాడు. "మజ్జిగ పోస్తాం మేడం" అని లోపల ఇంకో పిల్ల ఎవరో చెప్పడం వినబడింది. దానికి మేడం ఏమందో వినబడకుండా యలమంద తలుపు దబ్బున మూసేశాడు.

వరండాలో తేజశ్రీకి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"ఇది కూడా నచ్చలేదా నీకు?"

"బొమ్మల నోట్లోకి గాలి ఊదడం కూడా ఓ చదువేనా!"

"మొదటి కాలేజీకి సొంత ఆసుపత్రి ఉంది, క్యాజువాలిటీలో నిలబెట్టి నేర్పుతారంటే, హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉందని వంక పెట్టావు. రెండోచోట అంబులెన్సులో తిప్పుతారంటే ఎండకు నల్లబడతావన్నావు. మిరపకాయల కోతకు తీసుకెళ్లినప్పుడు లేని ఎండ ఇప్పుడొచ్చిందా నాన్నా?"

యలమందకు నచ్చిన కాలేజీ ఒక్కటే. బస్టాండు ఎదురుగా, టైర్ల కొట్టు మీద, ఒకే ఒక్క గది. బొమ్మల్లేవు, ఆసుపత్రి లేదు. "ప్రాక్టికల్సూ గీక్టికల్సూ ఏం ఉండవండి. గైడు ఇస్తాం, బట్టీ పట్టి రాసుకోవడమే" అని అక్కడి మేనేజరు సిగ్గు లేకుండా చెబుతుంటే యలమంద మొహం వెలిగిపోయింది. అది చూసి ఒళ్లు మండిపోయింది తేజశ్రీకి. మండదా మరి? కన్నబిడ్డ చదువు ఇలా తగలెట్టే తండ్రి ఎక్కడన్నా ఉంటాడా!

"అంబులెన్సు ఆలస్యంగా రాబట్టే అమ్మ పోయిందని చెప్పింది నువ్వే కదా?" అంది తేజశ్రీ. "ఆ బండిలో పని తెలిసిన మనిషిగా నేనుండాలి. గైడు బట్టీ పట్టి నేను ఎవర్ని బతికించను నాన్నా?"

భార్య మాట వచ్చినప్పుడల్లా యలమంద చెవుల్లో ఒక చప్పుడు మొదలవుతుంది. గొంతుకడ్డం పడి గురగురలాడే చప్పుడు. ఏళ్లు గడిచినా అది అతణ్ణి వదల్లేదు. పెళ్లి భోజనాల్లో పక్కవాడు మజ్జిగ జుర్రుకుంటే చాలు, విస్తరి ముందు నుంచి లేచిపోతాడు. తన ఇంట్లో అయితే మజ్జిగ అన్నదే చెయ్యనివ్వడు. ఊళ్లో జనం దాన్ని చాదస్తం అనుకుని నవ్వుకుంటారు.

"పోయి సీసాలో నీళ్లు పట్టుకురా" అన్నాడు చివరికి.

తేజశ్రీ కాళ్లు ఈడ్చుకుంటూ వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లింది. అంతలో తలుపు తీసుకుని ప్రేమమ్మ బయటికొచ్చింది.

"క్లాసు మధ్యలో పిల్లని అలా లాక్కుపోతారేంటండీ? ఎంత హుషారుగా చెయ్యెత్తింది!"

యలమంద కుళాయి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మేడం గారూ, ఇందాక మీరు చెప్పబోయిన పాఠం ఉంది చూశారా... అది చెప్పని కాలేజీ ఏదన్నా ఉందాండి?"

ప్రేమమ్మ తెల్లబోయింది. "స్పృహలో లేని మనిషి నోట్లో చుక్క కూడా పోయకూడదండీ. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడదు. మేం మొట్టమొదట నేర్పేదే అది. అది చెప్పకపోతే అదేం కాలేజీ?"

"తెలుసండి. ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడండి. మందు వల్ల కాదు, మజ్జిగ వల్ల పోయిందని."

ప్రేమమ్మ అతని మొహంలోకి చూసింది.

"మీ ఆవిడా?"

యలమంద తల ఊపాడు. "అంబులెన్సు రాక పోయిందని చెప్పానండి పిల్లకి. ఇక్కడ చేరితే తెలిసిపోద్దండి."

ప్రేమమ్మకు జాలేసింది. "మందు గాలి కొట్టిందంటే మజ్జిగ పోయడం మన పల్లెల్లో అందరూ చేసే పనేనండీ. విరుగుడనుకుని పోస్తారు గానీ చంపాలని పోస్తారా? ఎన్నేళ్లు మోస్తారు ఈ బరువు? నిజం చెప్పెయ్యండి. పెద్దదయింది, అర్థం చేసుకుంటుంది. మిమ్మల్ని తప్పకుండా క్షమిస్తుంది."

కుళాయి దగ్గర తేజశ్రీ సీసా మూత బిగించి ఇటే వస్తోంది. యలమంద కండువాతో గబగబా కళ్లు తుడుచుకున్నాడు.

"పోసింది నేను కాదండి. నేను చేనుకడ్డం పడి పరుగెత్తుకొచ్చేసరికి, మా తేజ వాళ్లమ్మ తల ఒళ్లో పెట్టుకుని ఉందండి. మజ్జిగ చెంబు ఆ పసిదాని చేతిలో ఉందండి."