మీసాల సింహం

"తలుపు తియ్యి బిడ్డా, నేను అన్నమ్మను!"

సూర్యప్రభ తియ్యలేదు. ఒక చెయ్యి గడియ మీద, మరో చేతిలో పాప. పాప ఏదో అనబోతే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఒక మాట చెప్పి పోతా, సూర్యమ్మా!"

రోజుకు పదిసార్లు ‘పెద్దమ్మా’ అని పిలిచే మనిషి ఇవాళ గడియను ఇంకా గట్టిగా పట్టుకుంది. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమైంది. కిటికీ సందులోంచి చూస్తే, పక్కింటి అన్నమ్మ మలక్‌పేట వైపు దాదాపు పరుగెత్తుతోంది.

పొద్దున భానుమూర్తి ఆఫీసుకు వెళ్లేటప్పుడు తలుపు మామూలుగానే ఉంది. పాలకోసం తీసేసరికి దాని మీద జాజుమట్టితో గుద్దిన ఎర్రటి సింహం! బొజ్జ, మెలితిరిగిన మీసాలు. చూడగానే పోల్చుకుంది.

పోయిన నెలే కదా, అన్నమ్మ మంచం కింద నుంచి ఆ పాత చెక్క ముద్రను తీసి చూపించింది.

"ఇదేం సింహం పెద్దమ్మా, మీసాలతో!"

"చెక్కినోడు సింహాన్ని యాడ చూసిండు? మా బాటసింగారం పటేల్‌ను చూసి చెక్కిండు. ఊరంతా నవ్వుడే. పటేల్‌కు ఒక్కనికే ఎరుక లేదు."

"ఆయన పోల్చుకోలేదా?"

"ఆయనింట్ల అద్దం లేకుండె."

ఎదురింటి శేషారత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. "అచ్చం మా మామగారేనమ్మా! ఆ బొజ్జ చూడు!" పాప ఆ సింహం తోకను చప్పరిస్తూ కూర్చుంది. దాంతో ఏం చేసేవారని సూర్యప్రభ అడిగితే, "మా నాయిన కళ్లం కావలి. వడ్ల రాశి మీద గుద్దుతుండె" అంది అన్నమ్మ.

ఇప్పుడు ఆ రాశి తమ ఇల్లు. ముద్ర వేసేది బండికెత్తడానికే కదా! తమలాంటి ఆంధ్రావాళ్ల సామాను వీధిలోకి విసిరేస్తున్నారని నిన్న పాలవాడు చెప్పాడు. అన్నమ్మ కొడుకు ప్రభుదాసు పది రోజులుగా ఇంటికి రాకుండా తెలంగాణ ఊరేగింపుల్లోనే తిరుగుతున్నాడు. వాళ్లకు ఈ ఇల్లు ఎవరు చూపించారో వేరే చెప్పాలా?

పాపను చంకన వేసుకునే బకెట్టు, కొబ్బరిపీచు తెచ్చి తలుపు రుద్దింది. జాజు నీళ్లు గడప మీదుగా ఎర్రగా కారాయి. తల ఎత్తితే, ఎదురింటి తలుపు మీదా అదే సింహం.

"పిన్నిగారూ! త్వరగా నీళ్లు తీసుకురండి!"

శేషారత్నం బయటికొచ్చి కొయ్యబారిపోయింది. "ఓరి నాయనో, మా ఇంటికీనా? అన్నమ్మే? క్రిస్మస్‌కి మనకి అరిసెలు పెట్టిన మనిషా?"

"నవ్విస్తూనే ఎవరెక్కడున్నారో చూసుకుందండీ."

"మీ పెద్దమ్మ మీద ప్రమాణం చేసేదానివి!"

"ముందు రుద్దండి పిన్నిగారూ. మాటలు తర్వాత."

ఇద్దరూ కలిసి రెండో సింహాన్ని కూడా కడిగేశారు. అప్పుడే సందు చివర నినాదాలు మొదలయ్యాయి. శేషారత్నం లోపలికి దూరి గడియ పెట్టుకుంది. సూర్యప్రభ తన గడప ఎక్కేలోపే అన్నమ్మ ఎదురుగా నిలబడింది. కాళ్లకు చెప్పులు లేవు. ఆయాసంతో మాట రావడం లేదు.

"ఏంది బిడ్డా... సింహం యాడ పోయింది?"

"కడిగేశాను." సూర్యప్రభ పాపను గుండెకు అదుముకుంది. "రత్నంగారిదీ కడిగాం. నా బిడ్డను ఎత్తుకుని ఆడించిన చేతులు పెద్దమ్మా! మా ఇళ్లు వాళ్లకి చూపించడానికి ఎలా ఒప్పాయి?"

అన్నమ్మ తడి తలుపును అరచేత్తో తడిమింది. ఎదురింటి తలుపు వైపు చూసింది.

"ముద్రను ఇప్పుడే మలక్‌పేటల ప్రభుదాసు తీస్కున్నడు, అందరికి చూపెడ్తనని. మళ్ల గుద్దుదామన్నా నా తాన లేదు."

"మళ్లీనా? మేం మీకు ఏం చేశాం పెద్దమ్మా!"

సందు మలుపులో మొదటి రాయి ఎవరి కిటికీకో తగిలి అద్దం భళ్లుమంది. అన్నమ్మ పాపను లాక్కుని తన కొంగులో చుట్టుకుంది.

"సింహమున్న ఇంటి జోలికి రామని పోరగాళ్లు నాకు మాటిచ్చిండ్రు బిడ్డా."