నడుముకు కట్టిన తోలుచుట్ట

"మఠం నుంచి తోలుచుట్ట వచ్చిందా అత్తయ్యా?" నొప్పిని పంటిబిగువున ఆపుకుంటూ అడిగింది ఇడోనీ. అడగడం ఇది పదోసారి.

"దారిలో ఉందట తల్లీ," అంది అవిస్.

ఎక్కడి దారి! సెవెర్న్ నది పొంగి పొద్దున్నే వంతెన కొట్టుకుపోయింది. పునీత మార్గరెట్ ప్రార్థన రాసిన ఆ చుట్టను నడుముకు కడితే పురుడు తేలిగ్గా వస్తుందని ఆ కాలంలో అక్కడి ఆడవాళ్ళ నమ్మకం. చుట్టా అవతలి ఒడ్డునే, మంత్రసానీ అవతలి ఒడ్డునే. ఇడోనీకి ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది.

అవిస్ తన చేతులు చూసుకుంది. గజగజ వణుకుతున్నాయి. ఈ చేతులతో బిడ్డను బయటికెలా తీయడం? తల్లీబిడ్డా ఇద్దరూ పోతే, ఫ్రాన్సులో యుద్ధం చేస్తున్న కొడుక్కి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

పక్కగదిలోకి వెళ్ళి కొడుకు పెట్టె తెరిచింది. చలికాలంలో అతను అందరికీ చదివి వినిపించే కథ ఒకటుంది. ఒక వీరుడు, ఒక రాక్షసుడు. అదీ తోలుచుట్ట మీదే రాసుంది. ఇంట్లో చదువొచ్చినవాడు వాడొక్కడే. కోడలికి కూడా తనలాగే అక్షరాలంటే చీమలబారేనని ధైర్యం చెప్పుకుంది. పైగా మఠంలో పెరిగిన పిల్ల, నమ్మకం ఎక్కువ.

"వచ్చేసిందే అమ్మాయ్," అంటూ ఆ కథ చుట్టనే తెచ్చింది.

ఇడోనీ చుట్టను విప్పి తేరిపార చూసింది. ఇడోనీ తలెత్తి అత్తగారి చేతులకేసి చూసింది. తర్వాత చుట్టను కళ్ళకద్దుకుంది.

"ఇదేనత్తయ్యా. మఠంలో ఎన్నిసార్లు చూశానో. కట్టండి, ఇక నాకేం కాదు. మీ చేతులేంటి అలా వణుకుతున్నాయి?"

"చలికే."

"మంట పక్కన చలేంటి?"

చుట్ట కట్టాక ఇడోనీ మూలగడం కూడా ఆపేసింది. ముఖం పాలిపోయి ఉంది, దుప్పటి అంచు గుప్పిట్లో నలుగుతోంది. నోటితో మాత్రం "తగ్గిందత్తయ్యా, హాయిగా ఉంది" అని అంటూనే ఉంది. ఆ మాట వినగా వినగా అవిస్ చేతులు కుదుటపడ్డాయి. వెన్న రాసుకుని పనిలోకి దిగింది.

ఒక కాలు. రెండో కాలు. నడుము. తల దగ్గర ఆగిపోయింది.

"రావడంలేదే!"

"చుట్ట ఉందిగా అత్తయ్యా, భయం దేనికి? తీయండి."

అవిస్ కళ్ళు మూసుకుని, వేళ్ళు లోపలికి పోనిచ్చి, మెల్లగా తిప్పింది. ఆడపిల్ల. గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టి, అవిస్ గబగబా చుట్ట విప్పబోయింది. "ఇలా ఇచ్చెయ్, మఠానికి పంపాలి."

ఇడోనీ దాన్ని వదల్లేదు.

"ఉండండత్తయ్యా, రాక్షసుడు చచ్చాడో లేదో చదివి ఇస్తాను."