హెబ్రీ గాలి

"ఆ మాట ఇంకోసారన్నావంటే నాను లేసెళ్ళిపోతాను బాబూ!"

దీవెనమ్మ నిజంగానే లేచి నిలబడింది. యారాడ ప్రార్థన పాకలో కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళందరూ ఠక్కున తెరిచారు. మద్రాసులో క్రైస్తవ వేదాంతం చదివి ఆ నెలలోనే సంఘానికి పాస్టరుగా వచ్చిన శుభాకర్ ప్రార్థన మధ్యలో ఆపేశాడు. పాపం, అతనన్నది ఒక్కటే మాట: "దేవా, నీ గాలి మా మీదికి రానీ."

"ఏటి రానీ? మా మొగోళ్ళు సముద్రం మీదున్నారు. రేడియోలో వాయుగుండం అన్నారు. గాలి ఆగాలని రెండ్రోజుల్నుంచి మేం తిండి మానేసి ప్రార్థన సేత్తంటే, నువ్వొచ్చి గాలిని పిలుత్తావేటి?"

ఆమె భర్త జ్ఞానదాసు నావ శుక్రవారమే రావాలి. ఇవాళ ఆదివారం.

"నేనడిగేది దేవుడి ఆత్మనమ్మా," అన్నాడు శుభాకర్. "పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలో ఆత్మకీ, ఊపిరికీ, గాలికీ ఒక్కటే మాట. రూవహ్. ఎండిపోయిన ఎముకలకి ప్రాణం పోసిందీ అదే, ఎర్ర సముద్రాన్ని చీల్చిందీ అదే."

"సముద్రాన్ని సీల్చిందా?" దీవెనమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అమ్మ బాబోయ్! అందుకే వద్దంటన్నాను!"

వెనక నుంచి రత్నమణి అందుకుంది. "పోనీలే వదినా, ఆ హెబ్రీ మాటతోనే అడగనీ. మన సముద్రానికి హెబ్రీ ఏటి తెలుత్తాది?"

ఇదేదో బాగానే ఉందనిపించి దీవెనమ్మ కూర్చుంది. శుభాకర్ చదివిన చదువంతా దిగమింగుకుని, "రూవహ్ రానీ" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. దీవెనమ్మ మాత్రం అనలేదు, ఎందుకైనా మంచిదని.

మొదటి పాటకే తలుపు తడిక టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రసంగం ముగిసేసరికి పాక కప్పు ఊగుతోంది. దీవెనమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"సంపేసినావు బాబూ!" అంటూ ఒడ్డుకి పరుగెత్తింది. ఆమె వెనకే అందరూ, అందరి వెనక శుభాకర్.

దూరంగా తెరచాప. దాని మీద నీలం గుడ్డ అతుకు. ఆ అతుకు దీవెనమ్మ స్వయంగా కుట్టిందే. నావ ఇసకకి తగలకముందే మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా మొగుణ్ణి పట్టుకుని భోరుమంది. రెండు రోజుల భయం ఒక్క ఏడుపుతో పోయింది.

"మాకేటీ అవ్వనేదే," అన్నాడు జ్ఞానదాసు. "వాయుగుండం ఇటు రానేదు. గాలే పడిపోనాది. రెండ్రోజులు తెరసాప కదిలితే ఒట్టు! తెడ్లేసి తెడ్లేసి సేతులు పడిపోనాయి. ఈ పొద్దున లేసింది గాలి, తోలుకొచ్చీసింది. గాలి ఆగిపోవాలని ఏ పాపిష్టోళ్ళు కోరుకున్నారో గానీ! ఎనకాల ఇంకో రెండు నావలు రావాల."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దీవెనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని శుభాకర్ దగ్గరికి వచ్చింది. ఎవరికీ వినపడకుండా అంది:

"ఇంకొంచెం రమ్మను బాబూ."