మంగళవారం ఫోను

అమ్మా, నా కోడిగీతల రాతకీ తప్పులకీ ఏమీ అనుకోకు. మా ఆన్‌లైన్ డిగ్రీకి సలహాదారువి కాబట్టి కాలేజీ చిరునామాకే రాస్తున్నాను.

పోయిన నెల మంగళవారం నువ్వు ఫోను చేసి, "ఏం తాతగారూ, ఇంకా మూడో పాఠమేనా?" అన్నావు. "నా బుర్ర జల్లెడమ్మా, పోసిందంతా కారిపోతోంది" అన్నాను. పకపకా నవ్వావు.

అంతలో నీ వెనక మగగొంతు అరిచింది. "ఎవడితోనే ఆ ఇకఇకలు?"

"స్టూడెంటండీ, డెబ్బయ్యేళ్లాయన" అన్నావు. ఏదో భళ్లున పగిలింది. ఫోను ఆగిపోయింది.

నేను చేస్తే నీ మీదికి ఏం తెస్తానోనని భయం. అందుకే, నువ్వే మళ్లీ చేస్తావని, ఆ రోజు నుంచి పాఠాలు తెరవడం లేదు. వెనకబడ్డవాళ్లకి ఫోను చెయ్యడం నీ ఉద్యోగం కదా, ఎవరూ తప్పుపట్టలేరు. నీ ఫోను రాలేదు గానీ, పేరు కొట్టేస్తామని ఆఫీసు నోటీసు పంపింది. కొట్టేయనీ.

త్వరగా జవాబియ్యి తల్లీ.